చాదర్‌ఘాట్ బ్రిడ్జి కింద పుట్టిన నది

ఆదివారం పూట ఆబిడ్స్‌లో పాత పుస్తకాల కోసం తిరగడం నాకు పెళ్లికి ముందు నుంచీ ఉన్న అలవాటు. షాపులు మూసి ఉంటాయి. షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచి పుస్తకాలు కుప్పలు పోస్తారు. నేను నాంపల్లిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఇరవై ఏళ్లు దాటింది. ఇల్లు కూడా నాంపల్లిలోనే. పాత అట్లాసో, పటాల పుస్తకమో కనిపిస్తే బేరమాడి తెచ్చుకుంటాను. మా ఆయన "మళ్లీ మోసుకొచ్చావా" అంటారు. నేను పట్టించుకోను.

ఆ రోజు కూడా ఒక అట్లాసు తిరగేస్తూ నిలబడ్డాను. పక్కనుంచి ఎవరో "మేడం, ఒక్క నిమిషం. చిన్న క్వశ్చన్" అన్నారు. తల తిప్పేసరికి నోటి ముందు మైకు ఉంది. పట్టుకున్నతనికి ముప్పై ఏళ్లుంటాయేమో. పల్చటి గడ్డం. రెండో చేతిలో కర్రకు బిగించిన ఫోను.

ఇంకెవరైనా అయితే చెయ్యి అడ్డం పెట్టి తప్పుకునేదాన్ని. కానీ ఆ ముఖం నాకు తెలుసు. అంతకు రెండు మూడేళ్ల క్రితం అతని ఛానెల్ నేను వదలకుండా చూసేదాన్ని. ఒక్కడే కెమెరా పట్టుకుని ఊరంతా తిరిగేవాడు. బేగం బజార్ సందుల్లో పాత ఇళ్ల తలుపులు, మూసీ మీద వంతెనలు, నాంపల్లి స్టేషన్ చుట్టూ మారిపోయిన వీధులు, అన్నీ నిదానంగా చూపించేవాడు. ముసలివాళ్ల దగ్గర కూర్చుని వాళ్లు ఆగితే తనూ ఆగేవాడు. వంతెనల వీడియో మా ఎనిమిదో తరగతి పిల్లలకు క్లాసులో వేసి చూపించాను కూడా.

"నువ్వు ఆ పాత వీధుల వీడియోలు చేసే అబ్బాయివి కదూ?" అన్నాను.

అతని ముఖం ఒక్క క్షణం మారింది. "ఔ మేడం. అప్పట్ల చేసేటోణ్ని. ఇప్పుడు జర వేరే చేస్తున్న."

వేరే అంటే ఏమిటని అడగాల్సింది. అడగలేదు. తెలిసిన మనిషి దొరికాడన్న సంతోషంలో ఉన్నాను. నేను సోషల్ టీచర్నని, నీ వీడియో పిల్లలకు చూపించానని చెప్పుకున్నాను. అతను "అరె, బహుత్ అచ్ఛా" అని ఫోన్ సరిచేసుకుని, "అయితే మీకు ఈజీ క్వశ్చన్ మేడం. మూసీ నది ఎక్కడ పుట్టింది?" అని అడిగాడు.

"సోషల్ టీచర్ని పట్టుకుని ఇదా అడిగేది!" అని నవ్వాను. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టిందని చెప్పాను. అక్కడితో ఆగలేదు. ఊరి మధ్యలోంచి ఎలా పోతుంది, వాడపల్లి దగ్గర కృష్ణలో ఎలా కలుస్తుంది, మొత్తం పాఠం అప్పజెప్పాను.

"ఇప్పటి పిల్లలకు గివన్నీ తెలుస్తయా మేడం?"

పిల్లలు రాసే జవాబులు వింటే నవ్వలేక చస్తావన్నాను. మొన్నటి పరీక్షలో ఒకమ్మాయి రాసిన జవాబు చెప్పాను. అతను పకపకా నవ్వాడు. అతను నవ్వుతుంటే నాకు ఉషారొచ్చింది. ఇంకేవో కూడా అన్నాను. మైకు ముందు నిలబడితే, ఎదుటివాడు తలూపుతూ నవ్వితే, మనిషి ఎంత తొందరగా వాగుడుకాయ అవుతుందో అప్పటిదాకా నాకు తెలియదు. ఇంటికొచ్చి మా ఆయనకు గొప్పగా చెప్పాను, నేను వీడియోలో వస్తానని.

వచ్చాను. ఆ వారం మధ్యలో ఒకరోజు మధ్యాహ్నం స్టాఫ్ రూంలో టిఫిన్ బాక్సు తెరుస్తుంటే మా హిందీ టీచరు ఫోన్ నా వైపు తిప్పి, "ఇది నువ్వేనా?" అంది. ఆమె గొంతులో నవ్వు లేదు. భయంగా అడిగింది.

అర నిమిషం కూడా లేని వీడియో. మొదట నేను "సోషల్ టీచర్ని" అంటాను. అతను "మూసీ నది ఎక్కడ పుట్టింది?" అంటాడు. నేను కళ్లు పెద్దవి చేసి, చెయ్యి ఊపి, "చాదర్‌ఘాట్ బ్రిడ్జి కింద!" అంటాను. గాడిద ఓండ్రపెడుతుంది. నా ముఖం దగ్గరికొచ్చి, ముక్కు ఉబ్బి, అలాగే ఆగిపోతుంది. పైన పసుపుపచ్చ అక్షరాలతో "ఈమె సోషల్ టీచరంట!" అని ఉంది. వెనకనుంచి ఎవరెవరివో నవ్వులు.

ఆ మాట నాదే. గొంతు నాదే. కానీ అది పిల్ల రాసిన జవాబు. నేను దాన్ని అనుకరించి చెప్పిన ముక్కను కోసి, ప్రశ్న పక్కన అతికించాడు. "అది నేను కాదు, అంటే నేనే, కానీ..." అని మొదలుపెట్టాను. గది అంతా నా వైపే చూస్తోంది. ఎంత చెబితే అంత అబద్ధంలా వినిపించింది.

కామెంట్లు చదవకూడదని తెలిసీ చదివాను. ఇట్లాంటోళ్లా మన పిల్లలకు చదువు చెప్పేది, అని ఒకరు. ఫీజులు మాత్రం వేలకు వేలు, అని ఇంకొకరు. నా యాస పట్టుకుని, ఆంధ్రోళ్లకు మూసీ సంగతి ఏం తెలుస్తది, అని ఒకాయన. మా తాత గుంటూరు నుంచి ఉద్యోగానికి ఈ ఊరు వచ్చాడు. మా నాన్న ఇక్కడే చదివాడు. నేను ఇక్కడే పుట్టాను. ఆ నది మీద వంతెనలు దాటుకుంటూ కాలేజీకి పోయాను. అదంతా ఎవరికి చెప్పను? కింద చూస్తే నా పాత విద్యార్థి ఒకడు నవ్వే బొమ్మ పెట్టిపోయాడు. వాడికి టెన్త్‌లో సోషల్‌లో మంచి మార్కులు వచ్చాయి.

ఆ రోజులు ఎలా గడిచాయంటే, బయటికి వెళ్లాలంటే ముఖం చెల్లేది కాదు. కూరగాయల దగ్గర ఎవరైనా ఇద్దరు నవ్వుకుంటే నా గురించే అనిపించేది. హెడ్మిస్ట్రెస్ పిలిచి, తల్లిదండ్రులు ఫోన్లు చేస్తున్నారని చెప్పింది. "మీ మీద నాకు అనుమానం లేదు. కానీ అసలు ఆ రోడ్డు మీద వాళ్లతో మాట్లాడటం ఎందుకండీ?" అంది. వరండాలో నేను నడుస్తుంటే ఏదో ఒక క్లాసులోంచి గాడిద అరుపు సన్నగా వినిపించేది. ఎవరని వెనక్కి తిరిగి చూసే ధైర్యం ఉండేది కాదు.

మా ఆయన కూడా మొదటిసారి చూసినప్పుడు నవ్వారు. వెంటనే ఆపుకున్నారు. "సారీ, ఆ గాడిద అరుపుకు నవ్వొచ్చింది" అన్నారు. రెండ్రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన ఆఫీసులో కూడా ఎవరో చూపించారట. భార్య అని చెప్పలేదట.

నిజం చెప్పాలంటే, ఆ వీడియోలో ఉన్నది నేను కాకపోతే నేనూ నవ్వేదాన్ని. బళ్లోంచి వచ్చి, కాళ్లు చాపుకుని, ఫోన్ తీసుకుంటే అవే చూస్తాను. ఒకప్పుడు ఏదైనా నేర్చుకుందామని తెరిచేదాన్ని. వంటలు, పాత కట్టడాలు, ఎవరో ఒకాయన ఓపిగ్గా చెప్పే చరిత్ర. ఎప్పుడు మారిందో గుర్తులేదు. ఇప్పుడు తెరిస్తే మొగుడు పెళ్లాన్ని ఏడిపించే వీడియో, పెళ్లాం మొగుణ్ని కొట్టే వీడియో, నిమ్మరసంతో సకల రోగాలూ పోతాయనే వీడియో, కంప్యూటర్‌తో చేసిన దేవుడు కన్నీళ్లు కార్చే వీడియో. ప్రతిదీ కేకలతో మొదలవుతుంది. ఛీ అనుకుంటాను, వేలితో పైకి తోస్తాను, ఇంకోటి వస్తుంది. పొయ్యి మీద పాలు పొంగిపోయిన రోజులున్నాయి. క్లాసులో పిల్లలకు "ఫోన్లు చూసి చెడిపోతున్నారు" అని ఉపన్యాసం ఇచ్చేది కూడా నేనే.

తరవాతి ఆదివారం మళ్లీ ఆబిడ్స్ వెళ్లాను. పుస్తకాల కోసం కాదు. దుపట్టా తలమీదుగా లాక్కుని, పోస్టాఫీసు వైపు నుంచి ఆ చివరిదాకా వెతికాను. ఒక మూసిన బట్టల షాపు ముందు ఎవరో ముసలాయనను ఏదో అడుగుతూ కనిపించాడు. ఆయన వెళ్లిపోయేదాకా ఆగి, దగ్గరికి పోయాను. నన్ను చూడగానే ఫోను కిందికి దించాడు.

"ఎందుకు చేశావు ఇలా?" అన్నాను. గట్టిగా అరవాలని వచ్చాను కానీ చుట్టూ జనాన్ని చూసి గొంతు తగ్గించాను.

"మేడం, గీడ వద్దు. చాయ్ తాగుకుంట మాట్లాడుదాం" అన్నాడు. పక్క సందులో హోటల్లో గోడవారగా కూర్చున్నాం. చాయ్ వచ్చింది కానీ ఇద్దరం ముట్టుకోలేదు.

"నా ఉద్యోగం పోయేలా ఉంది, తెలుసా? పిల్లలు నన్ను చూసి గాడిదలా అరుస్తున్నారు."

"తప్పయింది మేడం. మీకు గింత పరేషాన్ అయితదనుకోలే. ఊకె నవ్వుకుంటరు, మర్చిపోతరు అనుకున్న."

"నువ్వు ఎంత బాగా చేసేవాడివి! ఆ వంతెనల వీడియో చేసింది నువ్వేనా అనిపిస్తోంది."

అతను నా వైపు సూటిగా చూశాడు. "మేడం, ఒక్క మాట అడుగుతా, కోపం చెయ్యొద్దు. ఆఖరుకి నేను గా స్టేషన్ ముందటి పాత నాంపల్లి సరాయి మీద ఒక వీడియో పెట్టిన. నెలలు తిరిగిన దానికోసం. మీరు చూసిన్రా?"

చూడలేదు. అలాంటిది ఒకటి ఉందని కూడా తెలియదు.

"మీరే చూడకపోతే ఇంకెవరు చూస్తరు మేడం? మీలాంటోళ్ల కోసమే చేసిన. ఎవ్వరూ రాలే. అదే వారం ఒక దోస్తు గీ మైకు వీడియో చెయ్యమన్నడు. తెల్లారేసరికి లక్షల మంది. మా నాయన ఊర్లె ఎవుసం బంద్ చేసి నా దగ్గరికే వచ్చిండు. నేనేం చెయ్యాలె?"

నాకు కోపం పోలేదు కానీ అది ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. మొత్తం రికార్డింగు నీ దగ్గరుందా అని అడిగాను. ఉందన్నాడు. "అది పెట్టు. నేను చెప్పింది చెప్పినట్టు, కొయ్యకుండా పెట్టు. అంతే అడుగుతున్నాను."

"పెడ్త మేడం. గ్యారంటీ పెడ్త. కానీ చెప్తున్న, అది గా అర నిమిషం షార్ట్ లెక్క పోదు" అన్నాడు. నా నంబరు రాసుకున్నాడు. చాయ్ డబ్బులు అతనే ఇచ్చాడు.

మాట నిలబెట్టుకున్నాడు. రెండు మూడు రోజుల్లో, మధ్యాహ్నం లంచ్ అయిపోతుండగా మెసేజ్ వచ్చింది. ఫుల్ వీడియో పెట్టాను మేడం, పైన సారీ అని కూడా రాశాను, అని. స్టాఫ్ రూంలో అందరం ఒక్క ఫోన్ మీదికి వంగాం. నేను అట్లాసు పట్టుకుని నిలబడ్డాను, అతను అడిగాడు, నేను తడుముకోకుండా "వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో" అన్నాను. హిందీ టీచరు నా వీపు మీద చరిచింది. "చూశారా, చూశారా!" అని నేను చిన్నపిల్లలా గెంతాను. అంతలో బెల్లు కొట్టారు. మిగతాది చూడలేదు. చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. అందులో ఉన్నది నేను మాట్లాడిందే కదా.

ఆ పీరియడ్ ఎనిమిదో తరగతి. గుమ్మంలో అడుగు పెట్టగానే వెనక బెంచీ నుంచి సన్నగా గాడిద అరుపు వినిపించింది. ఇన్నాళ్లూ తల వంచుకున్నదాన్ని ఆ రోజు నవ్వాను. "సరే, మీ అందరికీ ఒకటి చూపిస్తాను" అని గోడకున్న పెద్ద తెర ఆన్ చేసి, నా ఫోన్ కలిపాను.

తెర మీద నేను జవాబు చెప్పగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల వేశారు. వాళ్లలో మూడో బెంచీలో కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి కూడా చప్పట్లు కొట్టింది. క్లాసులో పెద్దగా మాట్లాడే పిల్ల కాదు. చాదర్‌ఘాట్ నుంచి బస్సులో వస్తుంది. ఆ వైపు నుంచి మా క్లాసుకు వచ్చేది ఆ ఒక్క పిల్లే.

వీడియో నడుస్తూనే ఉంది. తెర మీద నేను నవ్వుతున్నాను. "మొన్న పరీక్షలో ఒకమ్మాయి ఏం రాసిందో తెలుసా? మూసీ ఎక్కడ పుట్టిందంటే, చాదర్‌ఘాట్ బ్రిడ్జి కింద! అట!" అతని నవ్వు. అక్కడితో ఆపినా బాగుండేది. అది పిల్ల రాసిన జవాబని అప్పటికే క్లాసులో చెప్పి ఉన్నాను, పేరు లేకుండా. కానీ తెర మీది నేను ఆగలేదు. మైకు దగ్గరికి వంగి, గుట్టు చెబుతున్నట్టుగా అంది. "పాపం, వాళ్లిల్లు అక్కడే, ఆ ఒడ్డునే. దానికి తెలిసిన మూసీ అంతే. ఇంట్లో చెప్పే దిక్కుంటే కదా! ఆ కంపులో పెరిగిన పిల్లకు అనంతగిరి అంటే ఏం తెలుస్తుంది?"

నేను ఆ మాటలు అన్నానా? అన్నాను. తెర మీద కనిపిస్తున్నది నేనే. ఎవరూ కొయ్యలేదు, అతికించలేదు. ఆపడానికి ఫోన్ మీద ఎక్కడ నొక్కాలో చేతికి దొరకలేదు. నొక్కితే బొమ్మ ఆగిపోయింది కానీ పోలేదు. నోరంతా తెరిచి నవ్వుతున్న నా ముఖం గోడంత పెద్దదిగా నిలబడిపోయింది.

పిల్లలు ఒక్కొక్కరే మూడో బెంచీ వైపు తిరిగారు. ఆ అమ్మాయి ఏడవలేదు. మొదట అందరితో పాటు నవ్విన నవ్వు ముఖం మీద ఇంకా అలాగే ఉంది. దాన్ని ఎలా తీసెయ్యాలో తెలియనట్టు నా వైపు చూస్తోంది. వెనకనుంచి ఎవరో "చాదర్‌ఘాట్ బ్రిడ్జి" అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేను "సైలెన్స్!" అని అరిచాను. ఆ తరవాత ఆ పీరియడ్‌లో ఏం చెప్పానో గుర్తులేదు.

మర్నాడు ఆ అమ్మాయి బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వాళ్లమ్మ వచ్చింది.

మెట్ల దగ్గర నిలబడి ఉంది. బషీర్‌బాగ్‌లో ఏదో ఆఫీసులో ఊడ్చి తుడిచే పని చేస్తుందని నాకు తెలుసు. చీర మీద అక్కడిచ్చిన నీలం కోటు అలాగే ఉంది. పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది. నన్ను తిట్టడానికి వచ్చిందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"టీచర్, జర మాట్లాడాలె" అంది.

"రామ్మా, లోపల కూర్చుందాం."

"వద్దు టీచర్, గీడనే చెప్త. మళ్ల డ్యూటీకి పోవాలె." కొంగు చివర వేలికి చుట్టుకుంది. "తప్పయింది టీచర్."

నాకు అర్థం కాలేదు. "తప్పేంటమ్మా? ఎవరిది?"

"పిల్లది కాదు టీచర్, నాది. మేము పాలమూరు దిక్కునుంచి వచ్చినప్పుడు అది చిన్నది. గీ నీళ్లు ఏడికెళ్లి వస్తయమ్మా అని అడిగింది. నాకేం తెలుసు? బ్రిడ్జి కిందికెళ్లి వస్తయి బిడ్డా అన్న. అదే మనసుల పెట్టుకుని రాసినట్టుంది. రోజంత ఏడ్సింది టీచర్. అమ్మ చెప్పిందని అన్లే. ఎవ్వరికీ చెప్పలే. నిన్న రాత్రి నాకొక్కదానికే చెప్పింది."

ఆమె ఇంకా చెబుతూనే ఉంది.

"మీరన్నది నిజమే టీచర్. ఇంట్ల చెప్పేటోళ్లు లేరు. లేకనే కద, మీ దగ్గర ఏసిన."

ఆమె గొంతులో వెటకారం లేదు. ఉన్నమాట ఉన్నట్టుగా అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "తప్పు నాదమ్మా. నీది కాదు, పిల్లది అసలే కాదు. నేను అనకూడని మాట అన్నాను" అని ఏదో చెప్పబోయాను. ఆమె కంగారుపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. "అయ్యో, మీరు పెద్దోళ్లు, అట్ల అనకున్రి. ఆ వీడియో ఒక్కటి జర తీపిచ్చున్రి టీచర్. బస్తీల పోరగాళ్లు దాన్ని బ్రిడ్జి, బ్రిడ్జి అని పిలుస్తున్రు. పిల్లది ఇంట్లకెళ్లి బయటికొస్తలేదు."

తీయిస్తానన్నాను. పిల్లను సోమవారం పంపమన్నాను. ఆమె దండం పెట్టి వెళ్లిపోయింది. నాకు దండం పెట్టింది.

సాయంత్రం అతనికి ఫోన్ చేసి స్టేషన్ రోడ్డుకు రమ్మన్నాను. అతను నవ్వుతూ వచ్చాడు. "చూసిన్రా మేడం, జనం మంచిగ అంటున్రు. టీచర్ కరెక్టు చెప్పింది, ఆ మైకోడే లుచ్చా అని నన్నే తిడుతున్రు. మీ పరేషాన్ పోయింది, ఖుష్ కదా?"

"ఆ ఫుల్ వీడియో తీసెయ్."

"ఏంది మేడం? మీరే కద పెట్టమన్నది."

జరిగింది చెప్పాను. వింటూ వింటూ అతను ఫోన్ జేబులోంచి తీశాడు. "నేను కూడా నవ్విన కద మేడం, మీరు ఆ మాటన్నప్పుడు" అన్నాడు. "నవ్వకపోతే మీరు చెప్పకపోదురేమో."

"చెప్పేదాన్నే" అన్నాను. స్టాఫ్ రూంలో పేపర్లు దిద్దినప్పుడు మైకు లేకుండానే చెప్పి నవ్వించాను అందరినీ. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

నా ముందే తీసేశాడు. కాసేపు ఫోన్ వైపే చూస్తూ, "మరి షార్ట్?" అన్నాడు. "నా దాంట్లకెళ్లి తీస్త అంటే తీస్త మేడం. కానీ వేరేటోళ్లు చానామంది ఎత్తుకపోయిన్రు. అది ఇగ ఎవరి చేతుల్లో లేదు. ఇప్పుడు ఫుల్ తీసేస్తే, మీరు కరెక్టు చెప్పిన్రని ఎవ్వరికీ తెల్వది. అబద్ధమే మిగులుతది."

ఆ షార్ట్ తీసెయ్యమని అడిగే హక్కు నాకు పూర్తిగా ఉంది. కానీ అడగడానికి ముఖం లేకపోయింది. "అది నీ ఇష్టం బాబూ" అని వచ్చేశాను. అతను తీశాడో లేదో నేను వెళ్లి చూడలేదు. తీసినా ఉపయోగం లేదు. అది ఇప్పటికీ ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉంది.

సోమవారం ఆ అమ్మాయి వచ్చింది. నేను ఆదివారమంతా కూర్చుని క్లాసులో చెప్పాల్సింది మనసులో అనుకున్నాను. అందరి ముందూ తప్పు ఒప్పుకోవాలి, అందరి ముందూ క్షమాపణ అడగాలి. అలా చేస్తే నా గుండె తేలికవుతుందని కూడా లెక్క వేసుకున్నాను. ఎందుకైనా మంచిదని ముందు ఆ పిల్లను వరండాలోకి పిలిచాను.

"నేను నీ గురించి చాలా తప్పుగా మాట్లాడానమ్మా. మీ అమ్మ గురించి కూడా. ఇవాళ క్లాసులో అందరి ముందూ నీకు సారీ చెబుతాను."

ఆ అమ్మాయి ఉలిక్కిపడి తలెత్తింది. "వద్దు టీచర్!"

"ఎందుకమ్మా? నేను అందరి ముందే కదా..."

"వద్దు టీచర్. మళ్ల అందరికీ యాదికొస్తది."

నేను ఆలోచించనిది అదే. ఆదివారమంతా నా తప్పు గురించే ఆలోచించాను, నా క్షమాపణ గురించే ఆలోచించాను. "మరి నన్నేం చెయ్యమంటావు?" అని అడిగాను. ఆ ప్రశ్న పదమూడేళ్ల పిల్లను అడగడం ఇంకో తప్పు. పాపం, ఆ పిల్ల నిజంగానే కాసేపు ఆలోచించింది.

"ఏం వద్దు టీచర్."

అక్కడే, ఎవరూ లేని వరండాలో, సారీ చెప్పాను. హోంవర్క్ చెప్పినప్పుడు అన్నట్టే, "సరే టీచర్" అంది. తరవాత, "పోవాల్నా టీచర్? మ్యాథ్స్ సార్ వచ్చిండు" అంది. పొమ్మన్నాను.

ఆ తరవాత ఏడాది పూర్తయింది. బడిలో ఆ పేరుతో పిలవడం కొన్నాళ్లకు తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పలేను. ఆ అమ్మాయి తొమ్మిదికి వచ్చింది. మార్కులు బాగానే వస్తున్నాయి. నా క్లాసులో అడిగినదానికి జవాబు చెబుతుంది, అడగనిదే మాట్లాడదు. ఇంతకుముందూ అంతేనా, లేక నా వల్ల అలా అయిందా, నాకు తెలియదు. తెలుసుకునే దారి లేదు. పరీక్ష పేపర్లు మాత్రం ఇప్పుడు ఇంటికి తెచ్చుకుని దిద్దుతున్నాను. ఏ పిల్ల ఏం రాసినా స్టాఫ్ రూంలో పైకి చదవను. మిగతావాళ్లు చదివితే లేచి నీళ్లకు వెళ్తాను. అది కూడా చేతగానితనమే. వద్దని చెప్పాల్సినచోట లేచి వెళ్లిపోతున్నాను.

ఈమధ్య మా ఆయన తరఫు చుట్టాలింట్లో ఒక శుభకార్యానికి వెళితే, ఒకావిడ ఫోన్ తీసి ఆ వీడియో వేసి, "ఇది అచ్చం మీలాగే ఉందండీ!" అంది. పక్కనున్నవాళ్లంతా వంగి చూశారు. మా ఆయన "అది అసలు ఏం జరిగిందంటే..." అని మొదలుపెట్టారు. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపాను. "నేనేనండీ" అన్నాను. కాసేపు నవ్వుకున్నారు. నేను నిలబడ్డాను.

దీని తరవాత ఫోన్ చూడటం మానేశానని రాస్తే బాగుంటుంది. మానలేదు. మొన్న బస్సులో కోఠి దాటుతుండగా ఒకటి వచ్చింది. ఎక్కడో రోడ్డు మీద మైకు, ఎదురుగా తలపాగా చుట్టుకున్న పెద్దాయన. ఏదో అడిగారు. ఆయన ఎంతో నమ్మకంగా ఏదో చెప్పాడు. గాడిద అరిచింది. నా నోట్లోంచి నవ్వు వచ్చేసింది. పక్క సీటులోని ఆవిడ నా వైపు చూసి, ఏమిటో అని తనూ నవ్వబోయింది. నేను ఫోన్ ఆపి సంచిలో పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.